సంక్రాంతి పాటలు ఒప్పుకున్నా, రాత్రికి వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి

ప్రశ్న: అన్నయ్యా, నాకు 27 ఏళ్లు. మాది ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. ఇంట్లోనే ఒక గదిలో జానపద పాటలకి మ్యూజిక్ చేస్తాను, జాతర్ల సీజన్లో డీజే మిక్సులు కూడా. లాప్‌టాప్‌లో ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్, ఒక మౌస్, హెడ్‌ఫోన్స్, అంతే. మంచం మీదో, డైనింగ్ టేబుల్ దగ్గరో కూర్చుని చేస్తుంటాను. కొన్ని నెలలుగా కుడి మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు నొప్పి. ఈమధ్య రాత్రిపూట వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వచ్చేస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని వేసుకుంటున్నాను. క్రేప్ బ్యాండేజీ చుట్టుకుని పని చేస్తున్నాను. సంక్రాంతికి మూడు పాటలు ఒప్పుకున్నాను, అడ్వాన్సు కూడా తీసుకున్నాను. అమ్మేమో ఈ పని మానేసి ఏదైనా ఉద్యోగం చూసుకోమంటోంది. వర్టికల్ మౌస్ కొంటే సరిపోతుందని ఫ్రెండ్ ఒకడు అంటున్నాడు. కొనమంటావా?

సమాధానం: తమ్ముడూ, కొనొద్దు అనను గానీ నీ ఉత్తరంలో మౌస్ కంటే ముందు చూడాల్సింది ఇంకొకటుంది. బొటనవేలి వైపు నొప్పి ఒకటి, రాత్రి తిమ్మిరి ఇంకొకటి. రెండూ ఒకే చేతికి వచ్చాయి కదా అని ఒకే మాత్రతో సర్దేస్తున్నావు. నొప్పి వరకూ అయితే కింద చెప్పే మార్పులు చేసుకుంటూ కొన్నాళ్లు చూడొచ్చు. నిద్రలోంచి లేపే తిమ్మిరిని మాత్రం అలా చూస్తూ కూర్చోకూడదు, ఈ వారంలోనే డాక్టరుకి చూపించుకో. నేను డాక్టర్ని కాదు, విజయనగరంలో రికార్డింగులు, మిక్సింగులు చేసుకునేవాణ్ణి. మా పనిలో ఉన్నవాళ్ల చేతులు ఎలా పాడవుతాయో చూసి, ఫిజియోథెరపీ వాళ్లని అడిగి తెలుసుకున్నది రాస్తున్నాను.

ఇవాళ రాత్రి మెలకువ వస్తే చెయ్యి విదిలించేసి పడుకోకు. లైటు వేసి, ఏ వేళ్లు మొద్దుబారాయో ఒక్కొక్కటీ ముట్టుకుని చూసి ఫోన్లో రాసి పెట్టుకో. బొటనవేలు, చూపుడు వేలు, మధ్యవేలు, ఉంగరపు వేలు సగం, ఇలా అయితే అది మీడియన్ అనే నరం పని. మణికట్టు లోపలి వైపు, అరచెయ్యి మొదలయ్యే చోట, ఎముకలకీ ఒక గట్టి పట్టీకీ మధ్య ఇరుకు దారి ఉంటుంది, దాన్ని కార్పల్ టనెల్ అంటారు. వేళ్లని ముడిచే 9 టెండన్లూ (కండని ఎముకకి కలిపే తాళ్లు), వాటితో పాటు ఈ నరమూ ఆ దారిలోంచే వెళ్లాలి. టెండన్ల చుట్టూ ఉన్న పొర వాచినా, మణికట్టు చాలాసేపు వంగి ఉన్నా అక్కడ జాగా తగ్గిపోయి నరం నలుగుతుంది. నిద్రలో తెలియకుండా మణికట్టు ముడుచుకుని పడుకుంటాం కాబట్టి ఈ తిమ్మిరి రాత్రే ఎక్కువ తెలుస్తుంది, విదిలిస్తే తగ్గడం కూడా దీని లక్షణమే. చిటికెన వేలూ దాని పక్క వేలూ మొద్దుబారుతుంటే కథ వేరు, అది మోచేతి దగ్గర నలిగే అల్నర్ నరం, డైనింగ్ టేబుల్ మీద మోచెయ్యి ఆనించి గంటలకొద్దీ కూర్చునేవాళ్లకి వస్తుంటుంది. వేళ్లతో పాటు భుజం, మెడ కూడా లాగుతుంటే మెడ దగ్గరి నరం సంగతి కూడా చూస్తారు. అందుకే ఏ వేళ్లో చెప్పగలిగితే డాక్టరుకి సగం పని తగ్గుతుంది.

శ్రీకాకుళం ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌లో, అదే మనవాళ్లు ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే దాంట్లో, ఎముకల ఓపీకి వెళ్లినా సరే, నీకు నమ్మకమున్న ప్రైవేటు డాక్టరు దగ్గరికి వెళ్లినా సరే. నర్వ్ కండక్షన్ టెస్ట్ అని నరంలో కరెంటు ఎంత వేగంగా వెళ్తోందో చూసే పరీక్ష రాయొచ్చు. షుగరు, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించమంటారు, 27 ఏళ్లకి షుగరేంటి అనకు, ఈ రెండూ ఉన్నవాళ్లకి కార్పల్ టనెల్ సమస్య ఎక్కువ వస్తుంది. ఇంకో మాట, కంప్యూటర్ వాడకం వల్లే ఈ జబ్బు వస్తుందా అనే దాని మీద డాక్టర్లలోనే ఏకాభిప్రాయం లేదు. గట్టిగా పట్టుకుని చేసే పని, అదురుడు ఉన్న యంత్రాలు, వీటికి దీనితో సంబంధం స్పష్టంగా ఉంది. కీబోర్డు, మౌస్‌ల మీద వాదన ఇంకా నడుస్తోంది. కాబట్టి డాక్టరు నీ మ్యూజిక్ పని మీదే నేరం మోపకుండా ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగితే విసుక్కోకు.

క్రేప్ బ్యాండేజీ విప్పేయ్. పని చేస్తూ బిగుతుగా చుట్టుకుంటే నరం మీద ఒత్తిడి ఇంకా పెరుగుతుంది, పైగా బ్యాండేజీ లాగుతుంటే దానికి ఎదురు వేళ్లు ఇంకా బలం పెట్టి పని చేస్తాయి. డాక్టర్లు ఇచ్చే స్ప్లింట్ వేరు, అది మణికట్టుని తిన్నగా ఉంచడానికి, ఎక్కువగా రాత్రి నిద్రలో వేసుకోవడానికి. మాత్రల సంగతి కూడా అంతే. నొప్పి తెలియకుండా చేసుకుని మళ్లీ అదే మౌస్ పట్టుకుంటే వాపు తగ్గదు, కడుపు మాత్రం పాడవుతుంది, ఎక్కువ రోజులు వాడితే కిడ్నీల మీద కూడా పడుతుంది. చేతిలోంచి గ్లాసు జారిపోతున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడం కష్టమవుతున్నా, బొటనవేలి మొదట్లో అరచేతి కండ పలచబడినట్టు కనిపిస్తున్నా వారం కూడా ఆగకు, మర్నాడే వెళ్లు. కండ తగ్గిందంటే నరం చాలాకాలంగా నలుగుతోందని, అప్పుడు పూర్తిగా కోలుకోకపోవచ్చు కూడా.

ఇక బొటనవేలి వైపు నొప్పి. బొటనవేలిని పక్కకీ వెనక్కీ లాగే రెండు టెండన్లు మణికట్టు పక్కన ఒకే తొడుగులోంచి వెళ్తాయి, అక్కడ వాపు వస్తే దాన్ని డి క్వెర్వైన్ అంటారు. పసిపిల్లల్ని ఎత్తుకునే తల్లులకి ఎక్కువగా వస్తుంది, ఫోను ఒంటిచేత్తో పట్టుకుని బొటనవేలితో రీల్స్ తోసుకుంటూ పోయేవాళ్లకీ వస్తోంది. నీదీ అదేనా కాదా అన్నది చెయ్యి పట్టుకుని చూసేవాళ్లు చెప్పాలి. నాకు అర్థమైనంత వరకూ మౌస్‌ని బొటనవేలు, చిటికెన వేలు మధ్య నొక్కి పట్టి, మణికట్టుని చిటికెన వేలు వైపు వంచి, గంటల తరబడి అలాగే ఉంచేవాళ్లకి ఆ పక్కన నొప్పి రావడంలో వింతేమీ లేదు.

మా ఊళ్లో మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామినాయుడు గారు వయొలిన్ నేర్పారు. ఇప్పటికీ అక్కడైనా, ఏ వీధిలో పంతులుగారి దగ్గరైనా, పిల్లాడు వయొలిన్ పట్టుకున్న మొదటి రోజే ఎలా కూర్చోవాలి, మణికట్టు ఎలా ఉండాలి, కమాను ఎంత వదులుగా పట్టాలి అని మొదలవుతుంది. స్వరం తప్పితే ఊరుకుంటారు గానీ చెయ్యి వంకర పెడితే ఊరుకోరు. ఎందుకంటే పాతికేళ్లు వాయించాల్సిన చెయ్యి అది. మనం వాయించేది మౌస్, తమ్ముడూ. రోజుకి అంతసేపు వయొలిన్ వాయించే విద్వాంసుడు కూడా అరుదే, అయినా దాన్ని ఎలా పట్టుకోవాలో మనకి ఎవరూ చెప్పలేదు, మనమూ అడగలేదు. యూట్యూబ్‌లో బేస్ ఎలా లావు చెయ్యాలో చెప్పే వీడియోలు వేలకి వేలు ఉంటాయి, అందులో ఆ కుర్రాడి మణికట్టు టేబుల్ అంచు మీద మడిచి ఉండటం మనకి కనపడనే కనపడదు.

నేను గట్టిగా నమ్మేది ఇది: చెయ్యి పాడు చేసేది మ్యూజిక్ ఎక్కువ చెయ్యడం కాదు, ఆ పనంతా ఒక్క చేతి మీద, ఒక్క మౌస్ మీద పెట్టడం. నీ రోజుని ఒకసారి చూసుకో. లూప్ పెట్టి వింటున్నావు, వింటున్నంతసేపూ చెయ్యి ఎక్కడుంది? మౌస్ మీదే, చూపుడు వేలు క్లిక్ చెయ్యడానికి సిద్ధంగా గాల్లో లేచి ఉంటుంది. అలా ఊరికే పట్టుకుని ఉండటం విశ్రాంతి కాదు, కండ బిగుసుకునే ఉంటుంది. ఇవాళ్టి నుంచి ఒక్క అలవాటు చేసుకో, పాట మోగుతున్నప్పుడు కుడిచెయ్యి ఒళ్లోకి రావాలి. స్పేస్ బార్ ఎడమ చేత్తో కొట్టు. నిజానికి చెవులకి కూడా ఇది మంచిదే. చెయ్యి మౌస్ మీద ఉంటే పాట చివరిదాకా వినం, రెండో చరణం రాకుండానే ఏదో ఒక ఫేడర్ (సౌండు పెంచే, తగ్గించే మీట) కెలుకుతాం.

తర్వాత పియానో రోల్, అంటే ఎఫ్ఎల్‌లో నోట్లు గీసే గడుల తెర. అసలు నొప్పంతా అక్కడుంది. ఒక్కో నోటూ మౌస్‌తో గీసి, లాగి, సాగదీసి, మళ్లీ కింద వెలాసిటీ (నోటు ఎంత గట్టిగా మోగాలో చెప్పే) గీతలు ఒక్కొక్కటీ దించి, తప్పెటగుళ్ల దరువు ఒకటి పూర్తి చేసేసరికి ఎన్ని క్లిక్కులు అవుతాయో ఊహించుకో. క్లిక్ కంటే పట్టి లాగడం ఇంకా చెడ్డది, ఎందుకంటే నొక్కిన వేలు నొక్కినట్టే ఉంచి మణికట్టు కదిలించాలి. అందుకే నీ మొదటి ఖర్చు వర్టికల్ మౌస్ మీద కాదు, ఒక చిన్న మిడి కీబోర్డు (కంప్యూటర్‌కి తగిలించి వాయించే పియానో మెట్లు) మీద పెట్టు, 25 మెట్లది చాలు, సెకండ్ హ్యాండ్ అయినా పర్లేదు. దరువు వేళ్లతో వాయించి ఎక్కించు, తర్వాత కంట్రోల్ క్యూ కొడితే తాళానికి సర్దుకుంటుంది. వాయించేటప్పుడు రికార్డు నొక్కడం మర్చిపోయినా పర్లేదు, ఎఫ్ఎల్‌లో టూల్స్ మెనూలో డంప్ స్కోర్ లాగ్ అని ఉంది, ఇందాక నువ్వు ఊరికే వాయించుకున్నది కూడా తెచ్చి ప్యాటర్న్‌లో పెట్టేస్తుంది. ఈ ఒక్క సంగతి తెలియక మన కుర్రాళ్లు ఎంతమంది మళ్లీ మౌస్‌తో గీసుకుంటూ కూర్చుంటారో. ఇప్పుడే కొనలేనంటే కంట్రోల్ టి నొక్కితే మామూలు కీబోర్డే మెట్లలా పని చేస్తుంది. నోట్లన్నీ ఒకే బలంతో పడతాయి కానీ ఆల్ట్ ఆర్ నొక్కి వెలాసిటీ కొంచెం అటూ ఇటూ చెదరగొట్టుకోవచ్చు. ప్రతి రెండు స్టెప్పులకీ హైహ్యాట్ (డ్రమ్స్‌లో టిక్ టిక్‌మనే తాళం) కావాలంటే ఎనిమిది గడులు క్లిక్ చెయ్యక్కర్లేదు, ఛానెల్ మీద రైట్ క్లిక్ చేస్తే ఫిల్ అని ఉంటుంది. పియానో రోల్‌లో నోట్లు పక్కనే మళ్లీ వేసుకోవడానికి కంట్రోల్ బి. తెర మీది నాబులు (తిప్పే బొత్తాలు) పట్టుకుని పైకీ కిందికీ తిప్పే బదులు ఎఫ్ఎల్ సొంత నాబుల మీద రైట్ క్లిక్ చేసి అంకె టైప్ చెయ్యొచ్చు. మిడి కీబోర్డు మీద నాబులుంటే లింక్ టు కంట్రోలర్‌తో వాటికి కట్టేసుకో.

అయితే వేళ్లతో కొట్టి వాయించే డ్రమ్ ప్యాడ్లు కొంటే వాటి మీద డప్పు కొట్టినట్టు కొట్టకు. గట్టిగా కొడితేనే మోగుతుందంటే ప్యాడ్ సెన్సిటివిటీ పెంచు, తేలిగ్గా తాకినా పూర్తి వెలాసిటీ రావాలి. మౌస్ నొప్పి వదిలించుకోబోయి ప్యాడ్ నొప్పి తెచ్చుకున్నవాళ్లు ఉన్నారు.

స్క్రీన్ మీద అక్షరాలు, గీతలు చిన్నగా ఉన్నా చెయ్యి బిగుసుకుంటుంది, ఇది చాలామందికి తట్టదు. సన్నటి నోటు అంచు మీద గురి పెట్టాలంటే మౌస్‌ని గట్టిగా పట్టుకోక తప్పదు. 14 అంగుళాల లాప్‌టాప్‌లో పాట మొత్తం ఒకేసారి కనిపించాలని అంతగా కుదించి పెట్టుకోకు, జూమ్ చెయ్యి, డిస్‌ప్లే స్కేలింగ్ పెంచు. పాయింటర్ వేగం కూడా చూసుకో, స్క్రీన్ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్లడానికి మౌస్‌ని రెండు మూడుసార్లు ఎత్తి పెట్టాల్సి వస్తోందంటే వేగం తక్కువుంది, నోటు దగ్గర ఆగడం కష్టంగా ఉందంటే ఎక్కువుంది. విండోస్ మౌస్ సెట్టింగ్స్‌లో క్లిక్‌లాక్ అని ఒకటుంది, కాసేపు నొక్కి వదిలేస్తే నొక్కినట్టే ఉంటుంది, వేలు బిగించకుండా లాగొచ్చు. అందరికీ నచ్చదు, చిరాకు పెడితే తీసేయ్.

ఇప్పుడు కరెక్షన్ల గురించి. దీన్ని ఏ డాక్టరూ అడగడు, కానీ మన చేతుల్ని తినేది ఇదే. పాట పూర్తయ్యి పంపిస్తావు, ఆర్గనైజర్ ఊళ్లో పది మందికి వినిపిస్తాడు, అందులో ఒకాయన "బీటేటి అలగుంది, ఇంకాస్త ఎత్తించమను" అంటాడు. నువ్వు ఎత్తుతావు. మర్నాడు ఇంకొకాయన "గొంతు వినపడ్డంలేదు" అంటాడు, దించుతావు. ఇలా ఒక్కోటీ అర్ధరాత్రి వాట్సాప్‌లో వస్తుంటే, ఒక్కోదానికీ ప్రాజెక్టు తెరిచి, మార్చి, ఎగుమతి చేసి పంపుతుంటే, రోజంతా చేసిన పని మీద ఇంకో రోజు పని పడుతుంది. చెయ్యి అలిసిపోయి ఉన్నప్పుడు చేసే పని కదా, నొప్పి అప్పుడే మొదలవుతుంది. కాబట్టి ఒప్పుకునేటప్పుడే చెప్పు, కరెక్షన్లు రెండుసార్లు, అన్నీ ఒకే మెసేజ్‌లో, పాటలో ఏ నిమిషం దగ్గరో రాసి పంపాలి, మూడోసారి నుంచి డబ్బులు. మన దగ్గర మొహమాటం ఎక్కువ, ఊరివాడే కదా, బావ వరసే కదా అని ఊరుకుంటాం. ఆ మొహమాటానికి ఖరీదు నీ మణికట్టు కడుతోంది. దీనితో పాటు బీటు, గొంతు, తాళాలు, కోరస్ దేనికది వేరే బస్సుల్లోకి (మిక్సర్‌లో కొన్ని సౌండ్లని కలిపి నడిపే దారుల్లోకి) పంపించిన టెంప్లేటు ఒకటి తయారు చేసి పెట్టుకో. అప్పుడు "బీటు ఎత్తు" అంటే ఒక్క ఫేడరు, "గొంతు దించు" అంటే ఇంకొక్క ఫేడరు. జానపదానికి ఒకటి, డీజే మిక్సుకి ఒకటి, రెండు టెంప్లేట్లుంటే చాలు, ప్రతి పాటకీ మొదటి అరగంట చేసే సెటప్ క్లిక్కులన్నీ మిగులుతాయి.

కూర్చునే చోటు. మంచం మీద పని ఇక వద్దు, అక్కడ ఎలా కూర్చున్నా మణికట్టు వంగే ఉంటుంది. డైనింగ్ టేబుల్ మామూలుగా 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది, అది అన్నం తినడానికి బాగుంటుంది గానీ మౌస్‌కి మనలో చాలామందికి ఎత్తెక్కువ. భుజాలు పైకి లేస్తాయి, మణికట్టు టేబుల్ అంచు మీద ఆనుతుంది. భుజాలు వదిలేసి మోచేతులు పక్కన పెట్టుకుంటే ముంజేతులు ఎక్కడికి వస్తాయో మౌస్, కీబోర్డు ఆ ఎత్తులో ఉండాలి. టేబుల్ కోసెయ్యలేం కాబట్టి కుర్చీ మీద దిండు వేసుకుని ఎత్తు పెంచు, కాళ్లు గాల్లో వేలాడితే కింద పీట వేసుకో. లేదంటే లాప్‌టాప్ టేబుల్ మీదే ఉంచి, వేరే కీబోర్డు, మౌస్ తెచ్చి ముందు ఒక టీపాయ్ మీద పెట్టుకో. లాప్‌టాప్‌కి స్క్రీనూ కీబోర్డూ అతుక్కుని ఉంటాయి కాబట్టి ఒకటి సరైన ఎత్తులో ఉంటే రెండోది ఉండదు, వేరే కీబోర్డు కొనడం విలాసం కాదు. కొంటే అంకెల ప్యాడ్ లేని పొట్టి కీబోర్డు చూసుకో. ఆ అంకెల ప్యాడ్ వల్లే మౌస్ బాగా కుడివైపుకి జరిగిపోయి భుజం లాగుతుంది. కీబోర్డు వెనక కాళ్లు లేపకు, మడిచేయ్. అవి లేపితే మణికట్టు పైకి వంగుతుంది. మిడి కీబోర్డు, మామూలు కీబోర్డు రెండూ ఉన్నప్పుడు ఏది ఎక్కువసేపు వాడుతున్నావో అది ఒంటికి దగ్గరగా ఉండాలి, బీటు ఎక్కించేటప్పుడు ఒకటి, మిక్సింగప్పుడు ఇంకొకటి, మార్చుకోవడానికి పది సెకన్లు పట్టదు.

మణికట్టు కింద పెట్టుకునే జెల్ దిండ్లు అమ్ముతారు. మౌస్ కదిపేటప్పుడు మణికట్టు వాటి మీద ఆనించి తిప్పితే నరం ఉన్న చోటే నొక్కుకుంటుంది. ఆగినప్పుడు అరచేతి మడమ ఆనించుకోవడానికే అవి. కదలిక మోచేతి నుంచి రావాలి.

ఇక మీ ఫ్రెండ్ చెప్పిన వర్టికల్ మౌస్. షేక్‌హ్యాండ్ ఇచ్చినట్టు పట్టుకోవడం వల్ల ముంజెయ్యి మెలి తిరగదు, కొంతమందికి నిజంగానే హాయిగా ఉంటుంది. కానీ దాన్ని బొటనవేలితోనే నొక్కి పట్టాల్సి వస్తుంది, నీ నొప్పేమో బొటనవేలి వైపే. కొనే ముందు ఎవరి దగ్గరైనా ఒక పూట తెచ్చుకుని వాడి చూడు. ట్రాక్‌బాల్ చూసేటట్టయితే బంతి బొటనవేలి కింద ఉండేది వద్దు, మధ్యలో ఉండి వేళ్లతో తిప్పేది చూసుకో. ఏదీ కొనకుండానే చెయ్యగలిగింది ఇంకొకటుంది, మౌస్‌ని ఎడమ చేతికి మార్చడం. సెట్టింగ్స్‌లో బటన్లు తిరగేసి, ఫైళ్లు వెతకడం, పాట వినడం, ఈమెయిల్ లాంటి మోటు పనులన్నీ ఎడమ చేత్తో చెయ్యి, ఎడిటింగ్ ఒక్కటే కుడి చేతికి. మొదటి వారం నీ మీద నీకే కోపం వస్తుంది, తర్వాత అలవాటైపోతుంది. అలాగని పూర్తి భారం ఎడమ చేతి మీద పడేస్తే కొన్నాళ్లకి అదీ మొదలెడుతుంది.

స్టూడియో బయట చేతికి పడే పని కూడా లెక్కలోకి తీసుకోవాలి. సింగర్ల కోసం శ్రీకాకుళం బండి మీద వెళ్తుంటావనుకుంటా. యాక్సిలేటర్ మెలి తిప్పి పట్టుకోవడం, రోడ్డు గతుకుల అదురుడు, రెండూ ఆ నరానికి పడని పనులే. హ్యాండిల్ పట్టుకున్నప్పుడు తిమ్మిరెక్కుతుంటే ఆ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పు. బస్సు దొరికిన రోజు బండి ఇంట్లో వదిలేయ్, అందులో కూర్చుని మాత్రం ఒంటి బొటనవేలితో ఫోను తోసుకుంటూ వెళ్లకు, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని నీ మిక్సే విను, అదీ పనే.

విరామాల గురించి అందరూ చెప్పేదే, ఎవరూ పాటించనిదే. టైమర్ పెట్టుకుంటే ఫ్లోలో ఉన్నప్పుడు తిట్టుకుని ఆపేస్తాం. దాని బదులు పనిలోనే కట్టేయ్: ప్రతి ఎక్స్‌పోర్టుకీ కుర్చీలోంచి లేవాలి, ప్రతి చరణం పూర్తయ్యాక ఒకసారి మొదటి నుంచీ చివరిదాకా నిలబడి వినాలి. కరెంటు పోయినప్పుడు మాత్రం నీకు తెలియకుండానే విరామం వస్తుంది, అది వచ్చాక పోయిన టైమంతా ఒకేసారి లాగేద్దామని కూర్చుంటావు చూడు, అదే ప్రమాదం. వ్యాయామాలు యూట్యూబ్ చూసి చెయ్యకు. నరం నలుగుతున్న చేతికి గట్టి స్ట్రెచింగ్ చేస్తే ఎక్కువవుతుంది, మెత్తటి బంతి పిసకమని ఎవరైనా చెప్పినా అదీ వద్దు, పట్టు బిగించడం ఇప్పుడు నీకు అక్కర్లేని పని. ఫిజియో దగ్గర నేర్చుకుని చెయ్యి.

సంక్రాంతి పాటలు మూడింటికీ ఇప్పుడే ఫోన్లు చెయ్యి. పండగ వారం ముందు చెయ్యెత్తేస్తే పేరు పోతుంది, ఇప్పుడు చెబితే పోదు. ఒకటి నువ్వే చెయ్యి, దానికీ దరువు నువ్వు వాయించి, ఎడిటింగ్ వేరేవాళ్ల చేత చేయించు. శ్రీకాకుళంలో, విజయనగరంలో ఎఫ్ఎల్ తెలిసిన కుర్రాళ్లు కావాల్సినంతమంది ఉన్నారు, పాటకింత అని ఇస్తే గొంతులు కట్ చేసి, శుభ్రం చేసి, వరసలో పెట్టి ఇస్తారు, అన్నిటికంటే ఎక్కువ క్లిక్కులు పట్టే పని అదే. రెండోది గడువు జరపమని అడుగు. మూడోది ఒప్పుకోకపోతే అడ్వాన్సు తిరిగిచ్చేయ్, చేతిలో లేకపోతే ఎప్పటికి ఇస్తావో తేదీ చెప్పు.

అమ్మతో ఉద్యోగం గురించి వాదన పెట్టుకోకు. ఆవిడకి కనపడుతున్నది అర్ధరాత్రి చెయ్యి విదిలించుకుంటున్న కొడుకు. డాక్టరు దగ్గరికి ఆవిణ్ణి కూడా తీసుకెళ్లు, పని మానాలా, మార్చుకుంటే చాలా అన్నది ఆయన నోటితోనే వింటుంది. పైగా ఏ ఉద్యోగానికి వెళ్లినా ఈ రోజుల్లో అక్కడా ఒక మౌసే ఉంటుంది. పరీక్షల్లో ఏం తేలిందో, ఏ వేళ్లు మొద్దుబారుతున్నాయో రాయి, దాన్ని బట్టి మిగతా సెటప్ ఎలా మార్చాలో చెబుతాను. నీ టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు పక్క నుంచి ఒక ఫోటో తీయించి పంపు, మోచెయ్యి, మణికట్టు రెండూ కనపడేలా.